మూడో 'వద్దు' దాకా

గోపురం కట్టబోయిన మనుషుల నోళ్ళలో భాషలను తారుమారు చేసినవాడు ఆయనే. మేడగదిలో తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్ళ నాలుకల మీద తెలియని భాషలను నిప్పులా వెలిగించినవాడూ ఆయనే. ఆ దేవాతిదేవునికి ముందుగా స్తోత్రం, మహిమ, ఘనత. పూర్తిగా తారుమారూ కాక, పూర్తిగా వెలగనూ వెలగక, పచ్చికట్టెలా పొగలు చిమ్ముతూ ఒక పరాయి భాషతో కుస్తీ పట్టిన నా బోటిదాన్ని కూడా ఆయన ఒకసారి వాడుకున్నాడు. కాబట్టి నేను చెప్పబోయే దాంట్లో మంచి ఏది జరిగినా అది ఆయనది. ఇటాలియన్ భాషకు జరిగిన నష్టం మాత్రం నాది.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులు కావు, చేతిలో ఫోను ఉన్న రోజులే, కాకపోతే మా ఇంట్లో సిగ్నలు కావాలంటే పెరటి గోడెక్కి కూర్చోవలసి వచ్చేది) ఒక పని నేర్చుకోవాలంటే అది కంఠతా పట్టడమే అని నేను గట్టిగా నమ్మేదాన్ని. అందులో నా తప్పేమీ లేదు. మా నాయన ఉపదేశి. చర్చి స్వామివారు (ఫాదరు) ప్రతి ఆదివారం రాలేని పల్లెల్లో ప్రార్థన నడిపించి, పిల్లలను వరసగా కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెప్పే మనిషి. "నిన్ను సృష్టించినది ఎవరు?" అని నాయన అడగాలి, "నన్ను సృష్టించినది దేవుడు" అని మేము గోడలు అదిరేలా అరవాలి. అర్థం తర్వాత ఎప్పుడో, జీవితంలో దెబ్బలు తగిలినప్పుడు, దానంతట అదే వస్తుందని ఆయన సిద్ధాంతం. నేను ఎక్కాలూ అట్లాగే నేర్చుకున్నాను, చిక్కబళ్ళాపురలో నర్సింగు చదివినప్పుడు ఒంట్లోని ఎముకల పేర్లూ అట్లాగే నేర్చుకున్నాను. ఆ చదువు ముగించుకుని బాగేపల్లికి తిరిగొచ్చి, ఊరి బయట మఠకన్యలు నడిపే చిన్న మందుల ఇంట్లో పనికి చేరాను.

ఆ మందుల ఇంటిని నిలబెట్టిన పెద్ద సిస్టరును చుట్టుపక్కల అందరూ మందులమ్మ అనేవాళ్ళు. వయసులో ఉండగా ఇటలీ నుంచి వచ్చింది. ఊరు కర్ణాటకలో ఉంది కదా అని పంపినవాళ్ళు ఆమెకు కష్టపడి కన్నడం నేర్పించి పంపారట. తీరా ఇక్కడికొచ్చి చూస్తే జనం తెలుగు మాట్లాడుతున్నారు. ("గవర్నమెంటు కన్నడం, కడుపునొప్పి తెలుగు" అనేది ఆమె. తాలూకా ఆఫీసులో శుద్ధంగా కన్నడం మాట్లాడే మనిషి కూడా సూది పొడిస్తే తెలుగులోనే అరుస్తాడని ఆమె కనిపెట్టింది.) ఆ తెలుగు కూడా పుస్తకాల తెలుగు కాదు, మా తెలుగే. "ఏమప్పా, చేన్లో పామును కట్టెతో కొడితివంట, ఈ రవ్వంత సూదికి ఏడుస్తాండావే?" అని రైతును ఎగతాళి చేసేది. మందుల సంచి తగిలించుకుని పల్లెలన్నీ నడిచేది. ఏ ఇంటికి పోయినా ఒక ముద్ద తినకుండా ఆమెను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. చివరికి మఠం వెనక, వేపచెట్టు పక్కన, తనను పూడ్చే చోటు కూడా తానే చూసి పెట్టుకుంది. తోటపని చేసే ఆయన ఖాళీగా ఉంది కదా అని అక్కడ మిరపనారు పోస్తే, "ఆడ మిరప నాటద్దప్పా. అది నా జాగా. రేపు నాకు మండుతాది" అని పీకించేసింది.

అటువంటి మనిషికి పక్షవాతం వచ్చింది. బెంగళూరు పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. చెయ్యీ కాలూ నెమ్మదిగా స్వాధీనంలోకి వచ్చాయి, మాటా వచ్చింది. కానీ వచ్చిన మాట మాది కాదు. తెలుగు పోయింది, కన్నడం పోయింది, ఇంగ్లీషూ పోయింది. చిన్ననాడు వాళ్ళమ్మ దగ్గర నేర్చిన ఇటాలియన్ ఒక్కటే మిగిలింది. తిరిగొచ్చిన రోజు ఊరంతా వరండాలో చేరింది. "అమ్మా, నేనమ్మా, గుర్తు పడితివా?" అని ఒక్కొక్కరూ అడుగుతుంటే ఆమె అందరి చేతులూ పట్టుకుంది, అందరినీ చూసి నవ్వింది, అందరికీ ఏదో చెప్పింది. ఒక్కరికీ ఒక్క మాట అర్థం కాలేదు. ఆమె మమ్మల్ని మరిచిపోలేదు, మా మాటలను మరిచిపోయింది. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

దానికన్నా పెద్ద కష్టం, ఆమె తినడం మానేసింది. మింగడానికి ఏ అడ్డూ లేదు, పెడితే తింటుంది, తింటే కోలుకుంటుంది అని డాక్టరు చెప్పాడు. ఆమెను చూసుకోవడానికి బెంగళూరు మఠం నుంచి ఒక సిస్టరు వచ్చింది. గోవా వైపు మనిషి, రోములో ఏళ్ళ తరబడి చదివి ఇటాలియన్ నీళ్ళలా మాట్లాడే మనిషి, అందుకే మేము ఆమెను రోమా సిస్టరు అనేవాళ్ళం. ఎంత ఓపికో, ఎంత శుభ్రమో! బయటి తిండి వల్ల రోగం ముదురుతుందని పల్లెల నుంచి వచ్చే క్యారియర్లన్నీ గేటు దగ్గరే ఆపించింది. తానే స్వయంగా బెంగళూరు నుంచి మాకరోనీ తెప్పించి, సూపు కాచి, బతిమాలకుండా, విసుక్కోకుండా, ఎంతో అందమైన ఇటాలియన్‌లో తింటారా అని అడిగేది. మందులమ్మ "నో, గ్రాట్సియే" (వద్దు, ధన్యవాదాలు) అనేది. సిస్టరు తల వంచి గిన్నె తీసుకుపోయేది. రోజూ ఇదే. మందుతో పాటు తాగించే పాలతోనే ప్రాణం నిలిచింది. మందులమ్మ బుగ్గలు లోపలికి పోయాయి. అప్పుడు బెంగళూరు నుంచి వాళ్ళ పెద్దమదరు కబురు పంపింది: క్రిస్మస్ అయ్యాక వచ్చి చూస్తాను, అప్పటికీ తినకపోతే ఇటలీలో ముసలి సిస్టర్ల ఇంటికి పంపించేద్దాం, అక్కడ చుట్టూ తన భాష వినిపిస్తే తింటుందేమో. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కానీ వేపచెట్టు పక్క జాగా సంగతి అందరికీ తెలుసు. తోటాయన ఆ రోజు ఆ జాగాలో రాలిన ఆకులన్నీ ఊడ్చాడు.

నాకు మాత్రం ఒక గొప్ప ఆలోచన వచ్చింది. (ఆ వయసులో నాకు వచ్చే ఆలోచనలన్నీ గొప్పవే.) ఆమె భాష ఇక్కడే వినిపిస్తే ఆమెను అంత దూరం పంపడం ఎందుకు? రోమా సిస్టరు ఒక్కతే మాట్లాడితే చాలదు, ఊళ్ళో మనిషి కూడా ఒకరు మాట్లాడాలి. ఆ ఒకరు నేనే. మధ్యాహ్నం రోగులు పల్చబడ్డాక సిస్టరు నాకు కన్నడంలో అర్థం చెబుతూ ఇటాలియన్ నేర్పడానికి ఒప్పుకుంది. సాయంత్రం ఇంటికెళ్ళి గోడెక్కి ఫోనులో పాఠాలు వినేదాన్ని.

మొదట క్రియలు. తినడం మాంజారే, తాగడం బేరే, పడుకోవడం డోర్మీరే, పోవడం అందారే. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నేను తింటే ఒకటి, నువ్వు తింటే ఒకటి, వాడు తింటే ఇంకొకటి. సరే, మనకూ అంతే కదా అనుకుని, గోడ మీద కూర్చుని కాళ్ళాడిస్తూ రాగం తీసి చదివేదాన్ని: "మాంజో... మాంజి... మాంజా..." కింద పెరట్లో మా అవ్వ జపమాల చేతపట్టుకుని కూర్చునేది. రెండో రోజో మూడో రోజో, నేను ఒక్కో మాట అని ఆగినప్పుడల్లా కింద నుంచి ఏదో గొణుగుడు వినిపిస్తోందని గమనించాను. చెవి పెట్టి విన్నాను. "మాంజో" అంటాను నేను. "మా కొరకు వేడుకొనండి" అంటుంది అవ్వ. "మాంజి." "మా కొరకు వేడుకొనండి." "మాంజామో." "మా కొరకు వేడుకొనండి."

"అవ్వా, ఏమి చేస్తాండావు?"

"నువ్వు చదవతాండావు గదే. పునీతుల ప్రార్థన. ఒక్కో పేరుకు జవాబు చెప్పల్ల గదా. పేర్లు కొత్తగా ఉండాయి, ఇటలీ పునీతులేమో అనుకుంటి."

"పునీతులు కాదవ్వా, క్రియలు. తింటాను, తింటావు, తింటాడు అని."

అవ్వ జపమాలలో రెండు పూసలు వెనక్కి జరిపింది. "ఇంతసేపూ తినేదాన్ని పట్టుకోని వేడుకోమంటినా! పోనీలే, తినేదానికి గూడా దేవుడు కనికరించల్ల గదా. ఊఁ, చదువు." ఆ తర్వాత కూడా ఆమె జవాబు చెప్పడం మానలేదు. నేను నేర్చుకున్న క్రియలన్నీ మా అవ్వ వేడుకోలుతోనే నోటికొచ్చాయి. ఇప్పటికీ డోర్మీరే అనుకుంటే మనసులో వెనకనుంచి ఆ గొంతు వినిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన క్రియ ఫారే. చేయడం అని అర్థం. ఇటలీవాళ్ళు దేన్నైనా చేసేస్తారు. టికెట్టును చేస్తారు, ఫోటోను చేస్తారు, నడకను చేస్తారు, బజారును చేస్తారు. చివరికి చలి వేస్తే దాన్నీ చలి చేస్తోంది అంటారు. ఇదేం భాష అని నవ్వాను. అప్పుడు నాయన, "మనము అన్నం పెడతాము, ముగ్గు పెడతాము, ముద్దు పెడతాము, పేరు పెడతాము, కేసు పెడతాము. వాళ్ళు వచ్చి నవ్వితే?" అన్నాడు. మర్యాదగా మాట్లాడటం నేర్పినప్పుడు మాత్రం నాకు నిజంగా భయం వేసింది. గౌరవించవలసిన మనిషి ఎదురుగా ఉంటే 'నువ్వు' అనకూడదట, 'ఆమె' అనాలట. ఎదురుగా కూర్చున్నామెను చూస్తూ "ఆమె తింటుందా? ఆమెకు నీళ్ళు కావాలా?" అని అడగాలట. మా ఊళ్ళో అత్తా కోడళ్ళు మాటలు మానేసినప్పుడు మాట్లాడుకునే పద్ధతి అది. మందులమ్మతో అట్లా మాట్లాడితే, ఈ పిల్లకు నా మీద ఏం కోపం అనుకుంటుందేమోనని చాలా రోజులు బెంగపడ్డాను.

ఇక నుడికారాలు. మంచి మనసున్న మనిషిని ఇటలీవాళ్ళు "రొట్టె లాగా మంచిది" అంటారని సిస్టరు చెప్పింది. "బువోనా కొమె ఇల్ పానె." ఇది మా నాయనకు ఎంతో నచ్చింది. రొట్టె విలువ తెలిసిన జనం అన్నాడు, ఆదివారం ప్రసంగంలో కూడా వాడుకున్నాడు. కానీ ఇంకొకటి విన్నప్పుడు ఆయన ముఖం మారింది. ఎవరైనా పరీక్షకో పెద్ద పనికో పోతుంటే ఇటలీవాళ్ళు "ఇన్ బొక్కా అల్ లూపో" అని సాగనంపుతారు.

"అంటే?"

"తోడేలు నోట్లోకి పో అని, నాయనా."

నాయన చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. ఆయన జీవితమంతా మంచి కాపరి గురించీ తప్పిపోయిన గొర్రె గురించీ చెప్పిన మనిషి. "తోడేలు నోట్లోకి పో అని దీవిస్తారా? క్రైస్తవ జనమేనా?"

"దానికి జవాబుంది నాయనా. 'క్రేపి' అనల్ల. సావనీ అని."

"ఎవురు సావల్ల?"

"తోడేలు."

నాయన గ్లాసు కింద పెట్టాడు. "సరే. తోడేలు సచ్చేది మంచిదే. నేనేమీ అనను. కానీ ముందు దాని నోట్లోకి యాల పోవల్ల?"

మాటలతో పాటు రోమా సిస్టరు మర్యాదలూ నేర్పింది. వాటిలో ముఖ్యమైనది: ఎవరైనా వద్దు అంటే వద్దు అనే. మళ్ళీ అడగకూడదు. మళ్ళీ అడిగితే ఆ మనిషి మాటను అవమానించినట్టు. ఇది నేను పదకొండో ఆజ్ఞలా పట్టుకున్నాను. సరిగ్గా ఆ వారమే చింతామణి నుంచి మా మేనమామ వచ్చాడు. తెల్లవారకముందే లేచి మండీలో టమోటా దించి, బస్సులో నిలబడి, ఎండన పడి వచ్చాడు. అమ్మ పొలంలో ఉంది, అవ్వ పెరట్లో ఉంది. నేను పళ్ళెం పెట్టి సంగటి ముద్ద తెచ్చాను. మామ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు పాపా, బస్టాండు కాడ తినే వస్తి" అన్నాడు.

"సరే మామా" అని పళ్ళెం తీసేశాను.

మామ చెయ్యి ఇంకా అక్కడే ఉంది, గాలిలో. కింద పళ్ళెం లేదు. ఆయన ఆ చేతిని చూసుకున్నాడు, నన్ను చూశాడు, వంటింటి వైపు పోతున్న ముద్దను చూశాడు. "నీళ్ళన్నా ఇస్తావా పాపా?" అన్నాడు హీనస్వరంతో. ఇంతలో అవ్వ వచ్చింది.

"ఏమే, మామకు పెట్టలేదా?"

"వద్దనె గదవ్వా."

"వద్దనక ఏమంటాడే? తెచ్చిపెట్టు, ఆకలికి సస్తాండా అంటాడా? మొగోనికి మర్యాద ఉండదా?"

"ఇటలీలో అట్ల కాదవ్వా. ఒక తూరి వద్దంటే..."

"అయితే మీ మామను ఇటలీవోడు అనుకుంటివా?" అవ్వ నా చేతిలోంచి పళ్ళెం లాక్కుంది. "విను. మొదటి వద్దు మర్యాదకు. రెండో వద్దు పెద్దరికానికి. మూడో వద్దు వస్తే అప్పుడు కడుపును అడగల్ల. నోరు సూసేది కాదు, వేళ్ళు సూడల్ల. వేళ్ళు మూసింటే నిజంగా వద్దని. సందు ఉండాదా, ఆ సందులోనే పోసేయల్ల." మామ ఆ రోజు రెండు ముద్దలు తిని, చింతామణి వెళ్ళి, బాగేపల్లి తాలూకాలో కరువు మొదలైందని బంధువులందరికీ చెప్పాడు. నాకు మాత్రం జ్ఞానోదయం కాలేదు. పల్లెటూరి మొరటుతనం అనుకుని, నా ఇటాలియన్ మర్యాదను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మందులమ్మ దగ్గరికి రోజూ వెళ్ళి 'ఆమె తింటుందా' అని అడగడం, ఆమె నో గ్రాట్సియే అనడం, నేను రోమా సిస్టరులాగే తల వంచి గిన్నె తీసుకురావడం. సిస్టరు నా ఉచ్చారణను మెచ్చుకునేది. మందులమ్మ ఇంకాస్త చిక్కిపోయేది.

పెద్దమదరు వచ్చే రోజు రానే వచ్చింది. నేను బయలుదేరుతుంటే అవ్వ ఒక చిన్న క్యారియరు నా చేతిలో పెట్టింది. పైన మెత్తని సంగటి, కింద పితికిపప్పు సారు. అనపకాయల కాలం అది, పొద్దున్నుంచీ కూర్చుని నానిన ఒక్కో అనపగింజనూ పొట్టులోంచి పితికి తీసి పులుసు కాచింది. "లోపలికి పోనీరు అవ్వా" అన్నాను. "నువ్వు ఇటలీలో ఏమన్నా చెప్పుకో. ఇది మటుకు తెలుగులో పెట్టు" అంది. నర్సు సంచిలో, దూది కింద దాచాను.

వరండా నిండా జనం. ఎవరూ గొడవ చేయడం లేదు, ఊరికే కూర్చున్నారు. తోటాయన వేపచెట్టు వైపు తిరిగి కూర్చున్నాడు. లోపల మంచం పక్కన పెద్దమదరు కుర్చీలో ఉంది. మంగళూరు మనిషి, కళ్ళజోడు, చూడటానికి కఠినంగా ఉంది. రోమా సిస్టరు మాకరోనీ సూపు తెచ్చి తింటారా అని అడిగింది. నో, గ్రాట్సియే. సిస్టరు తల వంచింది. పెద్దమదరు నిట్టూర్చి, నా వైపు తిరిగి, కన్నడంలో, "నువ్వు ఈమె కోసం ఇటాలియన్ నేర్చుకున్నావట కదా. నువ్వు అడుగు, చూద్దాం" అంది.

నా దగ్గర వాక్యం సిద్ధంగా ఉంది. కొంచెం తినాలని ఆమెకు ఉందా అని, ఎంతో మర్యాదగా, అత్తాకోడళ్ళ పద్ధతిలో. గోడ మీద కూర్చుని ఎన్నిసార్లు చదివానో, అవ్వ ఎన్నిసార్లు వేడుకుందో. నోరు తెరిచాను. మాంజో లేదు. మాంజి లేదు. ఒక్క క్రియ మిగల్లేదు, కోళ్ళగూడు తలుపు తీసినట్టు అన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి. మెదడంతా వెదికితే ఒక్కటే దొరికింది, అదే గట్టిగా బయటికి వచ్చేసింది.

"ఇన్ బొక్కా అల్ లూపో!"

రోమా సిస్టరు కళ్ళు మూసుకుంది. చిక్కి శల్యమై మంచం మీదున్న ముసలమ్మను, భోజనం వేళ, పెద్దమదరు ముందు, తోడేలు నోట్లోకి పొమ్మన్నాను. మందులమ్మ నన్ను చూసింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. "క్రేపి!" అంది, అని నవ్వింది, గొంతులోంచి, పాత నవ్వు, రైతును సూదికి ఏడుస్తావా అని ఎగతాళి చేసేటప్పటి నవ్వు. వరండాలో అందరూ లేచి నిలబడ్డారు.

ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది గానీ భాష రాలేదు. ఏం చేయాలో తెలియక సంచిలోంచి క్యారియరు తీసి, ఖాళీ పళ్ళెం ఆమె ముందు పెట్టాను. మందులమ్మ నవ్వు ఆపి, "నో, నో, గ్రాట్సియే" అంటూ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. నేను అలవాటుగా తల వంచాను. తల వంచితే ఏం కనిపిస్తుంది? చెయ్యి కనిపిస్తుంది. ఆ చేతి వేళ్ళ మధ్య సందు ఉంది. చిన్నది కాదు, గరిటె పట్టేంత సందు. నాకు చింతామణి మామ చెయ్యి గుర్తొచ్చింది.

అంతే, నా నోట్లోంచి మా అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. "అట్లంటే ఎట్లమ్మా? ఒక్క ముద్ద. రవ్వంత."

మందులమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "నో, నో..." ఆ గొంతులో ఏదో తేడా వచ్చింది. సిగ్గుపడుతోంది, పెళ్ళింట్లో పంక్తిలో కూర్చున్న పెద్దమనిషిలాగా.

రోమా సిస్టరు నా భుజం మీద చెయ్యి వేసి, "వద్దంటోంది, బలవంతం చేయకు" అని కన్నడంలో గుసగుసలాడింది. నేను వినలేదు. "నువ్వు తినకుంటే మా అవ్వ ఈడికే వస్తాదమ్మా. పొద్దున్నుంచి కూర్సోని పితికిండాది. నా మీద ఒట్టు. ఇంగ నువ్వు చెయ్యి తియ్యకుంటే చేతి మీదనే పోస్తా సూడు." అని, చెప్పినట్టే, వేళ్ళ సందులోంచి సారు పోసేశాను.

"బాస్తా, బాస్తా!" (చాలు, చాలు) అంటూ మందులమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంత సంతోషంగా తీసుకుందో! వేలికి అంటిన సారును నాకింది. ఒక క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నేను పళ్ళెంలో పెట్టిన సంగటి తుంచి, సారులో అద్ది, మా వాళ్ళలాగే నమలకుండా మింగింది. ఇంకొకటి. మళ్ళీ బాస్తా అంది, నేను మళ్ళీ పెట్టాను. క్యారియరు అడుగు కనిపించేదాకా బాస్తా అంటూనే తింది.

"కానీ ఆమె వద్దు అంది," అంది రోమా సిస్టరు, ఎవరితో అంటోందో తనకే తెలియనట్టు. "స్పష్టంగా అంది. రోజూ అంది." పెద్దమదరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నమ్మ కడెనూ హీగే" అంది. మా వైపూ ఇంతే అని. తర్వాత బల్ల మీదున్న అరటిపండు తీసి, ఒలిచి, తానే మందులమ్మకు అందించింది. నో గ్రాట్సియే. మళ్ళీ అందించింది. నో. మూడోసారి ఆ కఠినమైన మనిషి పండును మందులమ్మ పెదాలకు ఆనించి, మంగళూరు బలవంతం ఎంత ఉందో అంతా చేసింది. మందులమ్మ నిట్టూర్చి, మీ కోసం తప్పదు కదా అన్నట్టు, పండంతా తింది.

అప్పుడు మాకు అర్థమైంది. దెబ్బ తగిలి ఆమె భాష ఇటలీకి తిరిగి వెళ్ళిపోయింది గానీ మర్యాద బాగేపల్లిలోనే ఉండిపోయింది. ఇన్ని నెలలూ ఆమె మా పల్లెల ఇళ్ళలో కూర్చున్నట్టే కూర్చుని, పెద్దమనిషిలా మొదటి వద్దు చెప్పి, రెండో మాట కోసం ఎదురు చూసింది. మేము ఇటలీ మర్యాద ప్రకారం పళ్ళెం తీసుకుపోయాం. రోమా సిస్టరు మొదట తల పట్టుకుంది, తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. "నేను ఆమెను ఎంత మర్యాదగా పస్తు పెట్టానో!" అంటూ కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

పెద్దమదరు వరండాలోకి వచ్చి జనంతో కన్నడంలో చెప్పింది: "ఇటలీలో అందరికీ ఈమె మాట అర్థమవుతుంది. అదే భయం. మొదటి వద్దుకే పళ్ళెం తీసేస్తారు. ఈమె ఇక్కడే ఉంటుంది." తోటాయన లేచి వేపచెట్టు వైపు పోయి గడ్డి పీకసాగాడు. "అంత తొందర ఏముండాదప్పా?" అని అవ్వ కేకేసింది. (అవును, అవ్వ వచ్చేసింది. ఈడికే వస్తాదని నేను ఉత్తినే అనలేదు.)

ఆ మరునాటి నుంచి గేటు దగ్గర క్యారియర్లు ఆగలేదు. రోమా సిస్టరు నా దగ్గర తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటి పాఠం 'నా మీద ఒట్టు'. ఆమె పద్ధతి ఆమెది, నా మీద ఒట్టు, నీ మీద ఒట్టు, వాళ్ళ మీద ఒట్టు అని వరసగా రాసుకుని చదివేది; అవ్వ ఉంటే వేడుకొనేది. మందులమ్మ బుగ్గలు నిండాయి. ఒక మధ్యాహ్నం నేను మందు తాగిస్తుంటే నా చెంప తట్టి, "బువోనా కొమె ఇల్ పానె" అంది. నేర్చుకున్న ఇటాలియన్ అంతటికీ నాకు దక్కిన పట్టా అదే. దాన్ని నేను ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకున్నాను.

మందులమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు మాతో ఉండి, ప్రభువు పిలిచినప్పుడు వెళ్ళింది, తన జాగాలోనే పడుకుంది. అక్కడ ఈ రోజుకీ ఎవరూ మిరప నాటరు. నేనిప్పుడు చిక్కబళ్ళాపురలో ఉంటున్నాను. ఇటాలియన్ దాదాపు అంతా పోయింది. ఫోనులోని ఆ పాఠం మాత్రం అప్పుడప్పుడూ 'మీరు చాలా రోజులుగా చదవడం లేదు' అని గుర్తు చేస్తుంది, సంఘానికి రాని విశ్వాసిని నాయన పలకరించినట్టు. మా అమ్మాయి పరీక్షకు పోయేటప్పుడు తోడేలు నోట్లోకి పొమ్మంటాను, అది చెప్పులేసుకుంటూ "సావనీలే అమ్మా" అంటుంది. అప్పుడు గోడ మీద కూర్చుని కాళ్ళాడిస్తూ, ఒక భాషను కంఠతా పట్టి ఒక మనిషిని కాపాడగలననుకున్న ఆ పిల్ల నాకు గుర్తొస్తుంది. ఎంత నమ్మకం దానికి! తీరా సమయం వచ్చేసరికి దానికి ఒక్క క్రియా గుర్తు రాకుండా చేసిన దేవుని జ్ఞానం ఎంత గొప్పది!

ఇంతదాకా చదివిన మీరు, పక్కనెవరైనా ఉంటే వాళ్ళతో కలిసి, నాతో ఈ ఒక్క మాట ప్రార్థించండి. ప్రభూ, మేము నీకు కూడా వద్దు అంటూనే ఉంటాము. మర్యాదకు ఒకసారి, పెద్దరికానికి ఒకసారి. మా మొదటి వద్దు విని పళ్ళెం తీసుకుపోకు తండ్రీ. మా నోటిని చూడకు, మా వేళ్ళను చూడు. ఆమెన్.